రెప్పలో బంగారం

గ్రాము మీద కాస్త బంగారంతో ఏం వస్తుందో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఒక ముక్కుపుడక, మహా అయితే పసిపిల్ల చెవులకి పోగులు. ఇప్పటి ధరల్లో అదీ గొప్పే అనుకోండి! మా వదిన, అంటే మావారి అక్కగారు, ఒక గ్రాము రెండువందల మిల్లీగ్రాముల బంగారం కుడికంటి పైరెప్పలో పెట్టించుకుంది. రెప్ప మీద కాదు, రెప్ప లోపల, చర్మం కింద. సోకు కోసం కాదు. కన్ను పోకుండా కాపాడుకోడానికి.

"ఇదేం విడ్డూరమమ్మా!" అని మీరనుకుంటారు. మా ఇంట్లో అందరూ ఆ మాటే అన్నారు. మూతి వంకర పోవడం మనందరికీ తెలిసిన జబ్బే. వీధికొకరైనా ఆ కష్టం పడ్డవాళ్ళుంటారు. కానీ దాంతోపాటు మూతపడకుండా పోయిన కంటి సంగతి పట్టించుకునేవాళ్ళు తక్కువ. మా వదిన కథ చదివితే ఎవరింట్లోనైనా ఒక కన్ను దక్కుతుందేమోనని రాస్తున్నాను.

అందరి చూపూ మూతి మీదే

మాది తెనాలి. వదిన వాళ్ళదీ మా పక్కవీధే. వదినకి రెండేళ్ళుగా కుడిచెవి సరిగ్గా వినపడేది కాదు. ఫోను ఎడమచెవికి మార్చుకుంది. చెవిలో ఒకటే హోరు. వయసు యాభై దాటింది కదా, మామూలే అనుకున్నారు వాళ్ళింట్లో. నడుస్తుంటే తూలడం మొదలయ్యాక స్కానింగు తీయిస్తే, చెవినుంచి మెదడుకి వెళ్ళే నరం మీద గడ్డ ఉందన్నారు. దాని పేరు ఎకూస్టిక్ న్యూరోమా. క్యాన్సరు కాదు. కాని పెరిగేకొద్దీ మెదడుని నొక్కుతుంది. 2022 దసరా వెళ్ళాక హైదరాబాదులో ఆపరేషను చేయించారు. ముఖాన్ని కదిలించే నరం ఆ గడ్డని అంటిపెట్టుకునే ఉంటుందని, అది దెబ్బతినవచ్చని ముందే చెప్పి సంతకాలు తీసుకున్నారు.

గడ్డ వచ్చేసింది. మనిషి దక్కింది. కాని కుడివైపు సగం ముఖం కదలడం మానేసింది.

నుదుటి మీద ముడతలు ఎడమవైపే పడేవి. మూతి ఎడమకి లాక్కుపోయింది. కాఫీ తాగితే కుడివైపునుంచి కారిపోయేది. 'పప్పు' అనాలన్నా, 'బాబు' అనాలన్నా పెదవులు కలవక గాలి తుస్సుమని పోయేది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఆ మూతినే చూసేవారు. "అయ్యో, పక్షవాతమా?" అని ఒకరు. "చూయింగ్ గమ్ము నమలమనండి, సర్దుకుంటుంది" అని ఒకరు. పావురం నెత్తురు రాస్తే తగ్గుతుందని ఒకావిడ, ఫలానా ఊళ్ళో పసరు పోస్తారు, మూడు వారాలు వెళ్తే చాలని ఇంకొకావిడ. ఎవరి వైద్యం వారిది.

వదిన కూడా మూతి గురించే బాధపడేది. ఎవరొచ్చినా పమిట చెంగు పెదవులకి అడ్డం పెట్టుకునేది. అప్పటికే వాళ్ళబ్బాయి పెళ్ళి వైశాఖంలో అని అనుకుని ఉన్నారు. "ఈ మొహంతో నేను పీటల మీద కూర్చోను. వాడి పెద్దనాన్నా, పెద్దమ్మా కూర్చుంటారు" అని తేల్చి చెప్పేసింది. అన్నయ్యగారు ఏమీ అనలేక ఊరుకున్నారు.

కన్ను కాస్త ఎర్రగా ఉండేది. ఆస్పత్రివాళ్ళు రాసిచ్చిన చుక్కలమందు వేసుకుంటూనే ఉంది. పడుకున్నప్పుడు కుడికన్ను సగం తెరిచే ఉండేది. తెల్లగుడ్డు కనపడుతూ, చూస్తే భయమేసేలా.

కుంకుడు రసం పడినా మండని కన్ను

తల వెనక కుట్లు మానేదాకా తలకి నీళ్ళు తగలనివ్వలేదు. ఆ ఏడు కార్తీకమాసం చివరి సోమవారంనాడు తలంటి తీరాల్సిందేనని అత్తగారు పట్టుబట్టారు. మా పెరట్లో పీటవేసి కూతుర్ని కూర్చోబెట్టి కుంకుడు రసం పోస్తున్నారు. నేను నీళ్ళు తోడి అందిస్తున్నాను. నురుగు నుదుటి మీదనుంచి కళ్ళలోకి దిగింది. ఎడమకన్ను గట్టిగా మూసుకుంది. కుడికన్ను మాత్రం అలాగే తెరిచి ఉంది. నురుగు అందులోనే నిలిచింది. వదిన కదల్లేదు, మెదల్లేదు.

"మండటంలేదా వదినా?" అన్నాను.

"కుడిది మండటంలేదే! ఎడమదే చురచురమంటోంది" అంది.

"పోన్లే, ఆ కన్నైనా సుఖంగా ఉంది" అన్నారు అత్తగారు.

నాకు ఒళ్ళు జలదరించింది. కుంకుడు రసం కంట్లోపడి మండకుండా ఉండే మనిషి ఉంటుందా? చెంబు నీళ్ళతో కన్ను కడిగేసి, తడిజుట్టుతోనే వెలుతురులోకి తీసుకొచ్చి చూశాను. నల్లగుడ్డు మీద కిందివైపు చిన్న తెల్లమచ్చ, బియ్యపునూకంత. మావారు ఆఫీసుకి సెలవు పెట్టారు. ఆ సాయంత్రమే కంటి ఆస్పత్రికి వెళ్ళాం.

డాక్టరమ్మ దూదిపోగు సన్నగా చేసి కంటికి తాకించి చూసింది. మందు పూసిన కాగితం ముక్క ఒకటి కంటికి అంటించి నీలం లైటు వేసింది. దెబ్బతిన్నచోట పచ్చగా మెరిసింది. "మంట తెలీకపోవడం సుఖం కాదమ్మా" అని అత్తగారికే చెప్పింది. "కంట్లో నలక పడితే మంటపుట్టి మనం నలుపుకుంటాం, కడుక్కుంటాం, పరిగెత్తుకొస్తాం. ఈమెకి ఆ కబురు చెప్పే నరం కూడా మొద్దుబారింది. మూతపడని కన్ను ఒక ప్రమాదం, మంట తెలియని కన్ను ఇంకో ప్రమాదం. రెండూ కలిస్తే పుండుపడి, పువ్వు వేసి, చూపు పోయేదాకా మనిషికి తెలీదు."

తెరిచేది ఒక నరం, మూసేది ఇంకొకటి

ఆవిడ చెప్పిన విషయం మనందరం తెలుసుకోవాల్సింది. కన్ను తెరవడం, మూయడం ఒకే పని అనుకుంటాం. కాదట. పైరెప్పని ఎత్తే కండరానికి ఒక నరం, మూసే కండరానికి వేరే నరం. మెదడునుంచి వచ్చే పన్నెండు జతల నరాల్లో మూడోది తెరుస్తుంది, ఏడోది మూస్తుంది. నవ్వినా, ఏడ్చినా, మూతి ముడిచినా ఆ ఏడో నరమే. అది దెబ్బతింటే తలుపు తెరిచే మనిషి ఉంటాడు, మూసే మనిషి ఉండడు. ఇక ఆ తలుపు రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

మనం నిమిషానికి సుమారు పదిహేనుసార్లు రెప్ప వేస్తాం. వేసిన ప్రతిసారీ కన్నీటిని నల్లగుడ్డు మీద పల్చగా పూస్తాం, ఇల్లు తడిగుడ్డతో తుడిచినట్టు. ఆ తుడుపు లేకపోతే కార్నియా ఎండిపోతుంది. ఎండినచోట గీతలు పడతాయి, గీతల్లో పుండు పడుతుంది. పుండు మానినా మచ్చ మిగులుతుంది. దాన్నే మన పెద్దవాళ్ళు కంట్లో పువ్వు వేసిందనేవారు.

వదిన నిద్రలో తెల్లగుడ్డు కనపడేదని చెప్పాను కదా! అది నిజానికి మంచి లక్షణమట. కన్ను మూసుకోబోతే గుడ్డు దానంతటదే పైకి తిరిగి, నల్లగుడ్డు రెప్ప చాటుకి పోతుంది. అది దేవుడిచ్చిన రెండో కాపలా. దీన్ని వివరించిన సర్ చార్లెస్ బెల్ అనే డాక్టరే 1821లో ముఖానికి వెళ్ళే నరం గురించి రాశాడు. కారణం తెలీకుండా ఉన్నట్టుండి మూతి వంకర పోయే జబ్బుకి ఆయన పేరుమీదనే బెల్స్ పాల్సీ అంటారు. కొందరిలో ఈ రెండో కాపలా సరిగ్గా ఉండదు. వాళ్ళ కన్ను ఇంకా తొందరగా పాడవుతుంది.

నరం ఆగుతుంది, కన్ను ఆగదు

ముందు పుండు మానాలి. గంటగంటకీ చుక్కలమందు, రాత్రి ఆయింట్‌మెంటు వేసి రెప్ప మూసి ప్లాస్టరు. రెప్పల బయటి కొసన తాత్కాలికంగా ఒక కుట్టు కూడా వేశారు. మానడానికి నెల పైనే పట్టింది. ఆ నెలంతా గడియారం చూసుకుంటూ మందు వేయడమే నా పని. పప్పు కుక్కరు ఎన్ని కూతలు కూసిందో మర్చిపోయేదాన్నిగాని చుక్కలు మాత్రం మర్చిపోలేదు.

పుండు మానాక తర్వాతేమిటన్న ప్రశ్న వచ్చింది. డాక్టరమ్మ రెండు మార్గాలు చెప్పింది. ఒకటి, రెండు రెప్పల్నీ కొంతమేర శాశ్వతంగా కలిపి కుట్టెయ్యడం. కన్ను భద్రంగా ఉంటుంది, కాని చిన్నదైపోతుంది, ఆ పక్క చూపు తగ్గుతుంది. రెండోది, పైరెప్పలో చిన్న బరువు పెట్టడం. తెరిచే నరం బాగానే ఉంది కాబట్టి తెరవాలనుకున్నప్పుడు బరువుతో సహా ఎత్తుతుంది. అది పట్టు వదలగానే బరువుకి రెప్ప కిందికి వాలుతుంది. అంతే కిటుకు. మోటారు లేదు, బ్యాటరీ లేదు. గ్లాసు మీద వేసిన చేతిఅల్లిక గుడ్డకి అంచున పూసలు కడతామే, గాలికి లేవకుండా... అలాంటిదే.

"నరానికి ఏడాదైనా టైమివ్వమన్నారు కదా! అదే వస్తుందేమో. ఈలోగా మళ్ళీ కత్తెందుకు?" అన్నారు అన్నయ్యగారు. ఆయన మాటా కొట్టిపారేసేది కాదు. మూడు నెలల్లోపే రెండోసారి ఆపరేషను అంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది.

"నరం కోసం ఏడాది ఆగండి. నేనొద్దనను. కన్ను ఏడాది ఆగదు" అంది డాక్టరమ్మ. "నరం తిరిగొచ్చి రెప్ప దానంతటదే మూసుకుంటే ఈ బరువు తీసి మీ చేతిలో పెడతాం. ఇది పెట్టినా నరానికి అడ్డురాదు."

తీసెయ్యచ్చు అన్న మాటతో అన్నయ్యగారు మెత్తబడ్డారు. నాకూ ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన మాట అదే. వచ్చేదాకా ఎదురుచూడ్డానికీ, ఈలోగా కన్ను కాపాడుకోడానికీ మధ్య పోటీయే లేదు. రెండూ చెయ్యచ్చు.

916 పనికిరాదు!

ఆ బరువు బంగారంతో చేస్తారనగానే అత్తగారు చేతి గాజు ఒకటి తియ్యబోయారు. "నా కూతురి కంటికి నా బంగారమే పెట్టండి, కరిగించండి" అని. డాక్టరమ్మ నవ్వింది. "మీ గాజు 916 కదమ్మా! మిగిలింది రాగీ, వెండీను. కంట్లో అవి పనికిరావు. ఇది ఇరవైనాలుగు క్యారెట్లది, కల్తీ ఉండకూడదు" అంది. అత్తగారి గాజు అత్తగారి చేతికే మిగిలింది.

బంగారమే ఎందుకంటే కారణాలున్నాయి. తుప్పు పట్టదు. చాలామంది ఒంటికి సరిపడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తక్కువ చోటులో ఎక్కువ బరువు. నీటికంటే పంతొమ్మిది రెట్లు బరువు. అంటే వదిన రెప్పలో పెట్టిన గ్రామున్నరకి తక్కువైన ఆ బంగారం, ఒక నీటిచుక్క కంటే కాస్త ఎక్కువ చోటులో ఇమిడిపోతుంది! అదే బరువు స్టీలుతో చేస్తే దానికి రెండున్నర రెట్లు లావుండాలి. బిళ్ళ మందం మిల్లీమీటరు. దోసగింజకంటే కాస్త పెద్దది. రెప్ప వంపుకి తగ్గట్టు కొంచెం వంచి, కుట్టడానికి రంధ్రాలు పెట్టి ఉంటుంది.

ఇది నిన్నమొన్నటి సంగతీ కాదు. 1950లోనే టాంటలం అనే లోహపు జాలీ ఇలా వాడి చూశారు. 1958లో ఇల్లిగ్ అనే జర్మను డాక్టరు బంగారం పెట్టాడు. 1964లో ఫ్రాన్సులో సన్నని తీగ స్ప్రింగు పెట్టే పద్ధతి వచ్చింది. తర్వాత అయస్కాంతాలు, సిలికాను పట్టీలు కూడా ప్రయత్నించారు. 1974లో అమెరికాలో డాక్టర్ జోబ్ బంగారపు పద్ధతిని వివరంగా రాశాక అది బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఇప్పుడు ప్లాటినం కూడా వాడుతున్నారు. అది బంగారంకంటే ఇంకా బరువు, అంచేత ఇంకా పల్చగా చెయ్యచ్చు. 2003లో జర్మనీలో చిన్నచిన్న ప్లాటినం ముక్కల్ని గొలుసులా కూర్చి పెట్టే పద్ధతి వచ్చింది. అది రెప్పతోపాటు వంగుతుంది. బంగారం పడని ఒళ్ళు కొందరికి ఉంటుంది, వాళ్ళకి ప్లాటినమే మేలు.

మన దేశంలో ఈ కష్టం మరో దారిలోనూ వచ్చింది. కుష్ఠువ్యాధి ఏడో నరం కొమ్మల్ని తినేస్తే కన్ను మూతపడదు. అలాంటివాళ్ళకి కణత దగ్గర నమిలే కండరాన్ని కొంత తీసుకొచ్చి రెప్పలకి కలుపుతారు. పళ్ళు బిగిస్తే కన్ను మూసుకుంటుంది! అన్నం తింటున్నంతసేపూ రెప్పలు వేస్తూనే ఉంటారన్నమాట. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరు చూసి చెప్పాల్సిందే.

కూరగాయల బేరంలా

ఎంత బరువు పెట్టాలన్నది ఆపరేషనుకి ముందే తేలుస్తారు. వదినని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, కొలత బరువులు ఒక్కొక్కటే రెప్ప మీద అంటించి చూశారు. అవి సుమారు అర గ్రాము పైనుంచి దాదాపు రెండు గ్రాముల దాకా ఉంటాయి, ఒక్కో మెట్టుకి రెండువందల మిల్లీగ్రాములు తేడా. తక్కువైతే కన్ను మూతపడదు. ఎక్కువైతే రెప్ప వాలిపోయి నిద్రమొహంలా ఉంటుంది. గ్రాము పెడితే సన్నని సందు మిగిలింది. గ్రాము నాలుగొందలు పెడితే రెప్ప కిందికి దిగిపోయింది. గ్రాము రెండొందలు పెట్టి పావుగంట ఆగి చూశారు. సరిపోయింది.

"కూరగాయల బేరంలా ఉందే అమ్మాయ్! ఇంకో రెండొందలు వెయ్యమని అడగనా?" అంది వదిన నాతో. ఆపరేషనయ్యాక ఆవిడ నోట వేళాకోళం వినడం అదే మొదలు.

2023 సంక్రాంతి వెళ్ళాక చేశారు. మత్తు రెప్ప వరకే. రెప్ప మడత దగ్గర కోసి, లోపల చిన్న సంచిలా చేసి, రెప్పకి గట్టిదనం ఇచ్చే పట్టీకి బిళ్ళని కుట్టి, పైన కండరం, చర్మం మూసేశారు. గంటలోపే బయటికి తీసుకొచ్చారు. వారంపాటు కన్ను నల్లగా కమిలి, వాచి ఉంది. వాపు తీశాక వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఎడమకన్ను మూసింది. కుడిది అరక్షణం ఆలస్యంగా, బరువుగా, నెమ్మదిగా కిందికి దిగి మూతపడింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది. అన్నయ్యగారు ఎదురుగా నిలబడి "ఇంకోసారి... ఇంకోసారి" అంటూనే ఉన్నారు.

ఉన్నదున్నట్టు చెప్పాలి కదా! ఇది నవ్వుని తిరిగి తెచ్చే వైద్యం కాదు. మూతి అలాగే ఉంది. దానికి ఫిజియోథెరపీ వేరే. రెప్ప వేగం కూడా ఎడమదాన్ని అందుకోలేదు. కిందికి చూసినప్పుడు రెప్ప మీద చిన్న ఉబ్బు కనపడుతుంది. అన్నిటికంటే చిత్రం, పడుకుంటే బరువు రెప్పని కిందికి లాగదు, వెనక్కి లాగుతుంది. అందుకని వదిన రెండు దిళ్ళు ఎత్తుగా వేసుకుని పడుకుంటుంది, రాత్రి ఆయింట్‌మెంటు తప్పదు, పగలు చుక్కలూ తప్పవు. కొందరికి ఏళ్ళు గడిచాక బిళ్ళ పక్కకి జరగడం, చర్మం పల్చబడి బయటికి కనపడ్డం, చీము పట్టడం కూడా జరుగుతుందట. అప్పుడు తీసి మార్చాలి. అంచేత మళ్ళీమళ్ళీ చూపించుకుంటూ ఉండాలి. గడ్డ మళ్ళీ రాలేదని చూసే ఎమ్మారై స్కానింగుకి బంగారం అడ్డురాదు, అయస్కాంతం దాన్ని లాగదు. అయినా స్కానింగువాళ్ళకి ముందే చెప్పడం మా అలవాటు.

వైశాఖంలో పెళ్ళి జరిగింది. ఆ హోమం పొగలో, అక్షింతల వర్షంలో మూడు గంటలు పీటల మీద కూర్చున్నది వదినే. పమిట చెంగు మూతికి అడ్డం పెట్టుకోలేదు. మూతి వంకరగా పడిన ఫోటోలే ఆల్బమ్‌లో పెట్టుకుంది. "కన్ను పొగకి మూసుకుంటోంది, చాలు" అంది అడిగినవాళ్ళతో.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే

ముందు భయపడకండి. ఉన్నట్టుండి మూతి వంకరపోయే బెల్స్ పాల్సీ చాలామందికి వారాల్లో, నెలల్లో దానంతటదే తగ్గుతుంది. మొదటి 72 గంటల్లో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే పూర్తిగా తగ్గే అవకాశం పెరుగుతుందని 2007లో స్కాట్లాండులో చేసిన పెద్ద పరిశీలనలో తేలింది. కాబట్టి పసర్ల కోసం ఊళ్ళు తిరుగుతూ ఆ మూడురోజులూ పోగొట్టుకోకండి. షుగరున్నవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి.

నుదురు మామూలుగా ముడత పడుతూ మూతి మాత్రమే వంకరపోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా అది మెదడులో తేడా కావచ్చు. ఆ నిమిషమే 108కి ఫోను చెయ్యాలి.

కారణం ఏదైనా కంటి జాగ్రత్త మాత్రం మొదటిరోజునుంచే కావాలి. వదిన కోసం మేం పాటించినవి ఇవి:

కళ్ళు మెల్లగా మూయమని చూడండి. సందు మిగిలితే ఆ వారంలోనే కంటి డాక్టరుకి చూపించండి.

కన్నీటికి బదులు వేసే చుక్కలు డాక్టరు చెప్పినన్నిసార్లు వెయ్యండి. పడుకునేముందు ఆయింట్‌మెంటు వేసి, రెప్పని వేలితో పూర్తిగా మూసి, ఆ తర్వాతే ప్లాస్టరు అంటించండి. ప్లాస్టరు కింద కన్ను తెరుచుకుంటే దాని రాపిడికే పుండు పడుతుంది.

బస్సు కిటికీ పక్కన, ఫ్యాను గాలికి ఎదురుగా కూర్చోనివ్వకండి. బయటికెళ్తే పక్కలు కూడా మూసే కళ్ళద్దాలు పెట్టించండి.

పోపు, ఎండుమిరపకాయల వేపుడు, కారం దంచడం కొన్నాళ్ళు ఇంకొకరు చూసుకోండి. తలంటేటప్పుడు తల వెనక్కి వాల్చి, కంటికి తువ్వాలు అడ్డం పట్టండి.

చనుబాలు, ఆముదం, నందివర్ధనం పూల రసం... ఏదీ కంట్లో పొయ్యకండి.

కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా, తెల్లమచ్చ కనపడినా ఆ రోజే వెళ్ళండి. నొప్పి లేదని ఊరుకోవద్దు.

ఆపరేషను ఇంకా వద్దనుకునేవాళ్ళకి, కొద్దికాలమే అవసరమైనవాళ్ళకి రెప్ప మీద పగలు అంటించుకునే చర్మపురంగు బరువులు కూడా ఉన్నాయి. ఈ రకం వైద్యం చేసే విభాగాన్ని ఆక్యులోప్లాస్టీ అంటారు. పెద్ద కంటి ఆస్పత్రుల్లో ఉంటుంది. 1987లో హైదరాబాదులో మొదలై విశాఖపట్నం, విజయవాడలకి కూడా విస్తరించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఆ విభాగం ఉంది. మీ ఊరి కంటి డాక్టరుని అడిగితే దగ్గర్లో ఎక్కడుందో చెప్తారు.

మూతి వంకర పోయినవాళ్ళని చూడ్డానికి వెళ్ళినప్పుడు, "అయ్యో, మొహం ఇలా అయిపోయిందేమిటీ" అనే మాట పక్కనపెట్టి, "కన్ను మూతపడుతోందా?" అని ఒక్క మాట అడగండి. మూతి సంగతి నింపాదిగా చూసుకోవచ్చు.